పిలిస్తే పలికిన సందు

ప్రియమైన మౌనిగారికి,

క్షేమంగా చేరాను. ఎలా ఉంది, ఏమిటి అని మీరు ఎలాగూ అడగరు కాబట్టి అడక్కుండానే అన్నీ చెప్పేస్తున్నాను.

ఇంటావిడ మేడమీద గది ఇచ్చింది. మంచం, గీసుకోవడానికి పొడవాటి బల్ల, ఒక కిటికీ. ఫోన్ మాత్రం ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదట. కిటికీ తీస్తే పాడుబడ్డ కోట ఊరంతా కళ్లముందే ఉంటుంది. తవ్వకాల వాళ్లు వచ్చే నెల్లో వస్తారు. ఈలోగా పడిపోకుండా మిగిలిన ప్రతి గోడనీ టేపుతో కొలిచి కాగితం మీదికి ఎక్కించాలి. అంటే అంత పెద్ద ఊళ్లో నేనొక్కదాన్నే.

చుట్టూ కోటగోడ. దానికి ఒకటే ద్వారం. లోపల ఇరుకు సందులు, పైకప్పులు లేని ఇళ్లు. వీధివైపు ఒక్క ఇంటికీ కిటికీ లేదు. ఊరంతా కలిసి ఎవరిమీదో అలిగి మొహం తిప్పుకున్నట్టుంది. కోట ద్వారం గడప గీస్తుంటే ఒకటి గమనించాను. లోపలికి వచ్చేవాళ్లు కాలు మోపేవైపు రాయి నున్నగా అరిగిపోయింది. బయటికి పోయేవాళ్లు మోపేవైపు నిన్న చెక్కినట్టుంది.

నిన్న మధ్యాహ్నం ఏమీ తోచక, వంటింట్లోంచి పిలిచినట్టే "ఏమండీ!" అని గట్టిగా పిలిచాను. సందు చివర్నుంచి "ఆఁ" అని వినిపించింది. ప్రతిధ్వని అంటారేమో. ప్రతిధ్వనైతే "ఏమండీ" అనాలి కదా? అచ్చం మీరు పనిబల్ల దగ్గర కట్టుడు పళ్లసెట్టు అరగదీస్తూ తలెత్తకుండా అనే "ఆఁ". నవ్వొచ్చింది. కాసేపయ్యాక ఆ నవ్వు ఎటో పోయింది. సామాను సర్దుకుని గదికి వచ్చేశాను.

ఒక్కసారి వచ్చి పోకూడదూ?

మీ
గీతలమ్మ

*

ప్రియమైన గీతలమ్మకి,

ఉత్తరం అందింది. ఇక్కడ అంతా బాగానే ఉంది. ఒక పెద్దాయన పళ్లసెట్టు బిగుతుగా ఉందని వెనక్కి తెచ్చాడు. సరిచేశాను. వంటింట్లో కుళాయి కారుతోంది.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తాను. అలా గట్టిగా పిలవకు.

నీ
మౌని

*

ప్రియమైన మౌనిగారికి,

ఇక ఆ పేరుతో పిలవొచ్చా అని అనుమానం వస్తోంది! మీరు వెళ్లినప్పటినుంచీ ఇంటావిడ ఒకటే పాట: "మీ ఆయన మాటల పుట్టండీ!" ఆవిడకి ఎలా చెప్పను, పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు నాతో మాట్లాడినదంతా కలిపినా ఆదివారం మాట్లాడినంత అవదని!

నేను బస్సు దగ్గరికి రాకముందే మీరు కోట ద్వారం దగ్గర నిలబడి ఉండటం చూసి ఆశ్చర్యపోయాను. ఇంకా ఆశ్చర్యం, మీరు దారి నడిచిన తీరు. ఇన్నాళ్లుగా తిరుగుతున్నా నేను ఇప్పటికీ సందు తప్పుతుంటాను. మీరేమో మనింట్లో పడగ్గదికి వెళ్లినట్టు ముందు నడిచారు. "ఇక్కడ బావి ఉండాలి" అన్నారు. ముళ్లకంపలు తప్పిస్తే నిజంగానే బావి! "ఎలా తెలుసు?" అంటే నవ్వారు. కళ్లజోడు మర్చిపోయి వచ్చిన మనిషి అంత దూరం ఎలా చూశారో.

మీరు కుర్చీల గురించి అన్న మాట రోజుకి పదిసార్లు గుర్తు చేసుకుంటున్నాను. "నువ్వు లేకపోతే ఇంట్లో కుర్చీలు కూడా ఎవరో వేరేవాళ్లవిలా ఉన్నాయి, కూర్చోవాలంటే ఎవరినో అడగాలనిపిస్తోంది" అన్నారు చూశారా, నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇలాంటి మాటలు లోపల పెట్టుకుని ఇన్నాళ్లూ ఎలా ఉన్నారండీ?

ఒక్కటే బాగుండలేదు. నేను కట్టి తెచ్చిన రొట్టె ముట్టుకోలేదు. సాయంత్రం బస్సు రోడ్డుకి కాకుండా మళ్లీ కోట ఊళ్లోకే నడిచారు, దగ్గరదారి అంటూ. అవతలివైపు దారి లేదండీ, గోడే. ఎటునుంచి బయటపడ్డారు? బస్సు దొరికిందా? వెళ్తూ వెళ్తూ, "మనం ఇక్కడే ఉండిపోదామా?" అన్నారు. నేను నవ్వి "చూద్దాం" అన్నాను. తమాషాకే అన్నారు కదా?

మీ మాటలకి మురిసిపోయిన
గీతలమ్మ

*

ప్రియమైన గీతలమ్మకి,

ఆదివారం నేను రాలేదు.

కంగారు పడకు. ముందు కూర్చో. శనివారం పళ్ల డాక్టరుగారు ఒక పూర్తి పళ్లసెట్టు అర్జెంటుగా కావాలని ఇచ్చారు. రాలేనని నీకు కార్డు వేశాను. అందలేదని ఇప్పుడు తెలుస్తోంది. ఆదివారం పొద్దుట్నుంచి పొద్దుగుంకేదాకా పనిబల్ల దగ్గరే ఉన్నాను. పక్కబల్ల ఆయన సాక్ష్యం. కళ్లజోడు లేకుండా నేను గది దాటలేనని నీకు నేను చెప్పాలా?

మొదట నన్ను ఆటపట్టిస్తున్నావు అనుకున్నాను. తర్వాత కుర్చీల మాట చదివాను. ఆ మాట నాది. నువ్వు వెళ్లిన వారం, ఒక్కణ్ణీ భోంచేస్తూ లోపల అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు. నీకు రాద్దామనే కలం తీశాను. తీసి, కుళాయి కారుతోందని రాశాను.

నేను మింగేసిన మాట అక్కడ ఎవడి నోట్లోంచి వచ్చింది?

వాడెవడో నాకు తెలీదు. కానీ నా మాటలు వాడు చెప్తుంటే నేను ఊరుకోలేను. అందుకే ఉన్నవన్నీ ఈ కాగితం మీద పెట్టేస్తున్నాను. నువ్వు ఈ ఉద్యోగానికి వెళ్తానన్న రోజు "సరే" అన్నాను. "వెళ్లు, కానీ తొందరగా వచ్చెయ్" అనాలనుకున్నాను, సగమే బయటికి వచ్చింది. నువ్వు గీసుకునేటప్పుడు నాలిక చివర పంటికింద పెట్టుకుంటావు. అది చూడ్డానికే నేను రోజూ ఎదురుగా పేపరు పట్టుకుని కూర్చుంటాను. పేపర్లో ఏముందో ఏనాడూ చదవలేదు. మీ అమ్మ పోయినప్పుడు నీ పక్కన నిలబడ్డానే కానీ ఒక్క ముక్క అనలేకపోయాను. "నేనున్నాను" అనే ముక్క. ఇప్పుడు అంటున్నాను.

ఇంకేం మిగల్లేదు. లోపల ఊడ్చినట్టయింది.

శుక్రవారం బయల్దేరుతున్నాను. అందాకా ఆ గోడల్లోకి అడుగు పెట్టకు. ఒకటి గుర్తుంచుకో, ఎవడైనా నా మొహంతో వచ్చి చక్కగా మాట్లాడితే తలుపు తియ్యకు. నేనైతే గుమ్మంలో నిలబడి నీళ్లు నములుతాను.

నీ, నీకు మాత్రమే
మౌని

*

ప్రియమైన మౌనిగారికి,

మీ కార్డు, మీ పొడుగు ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. కార్డు చదివి దానిమీద తారీఖు మళ్లీ మళ్లీ చూసుకున్నాను. ఉత్తరం చదివి ఏడ్చాను, ఎందుకో అడక్కండి, మీకు తెలుసు. ఇంటావిడని బతిమాలి శుక్రవారం దాకా ఆ రెండు రోజులూ ఆవిడ గదిలోనే పడుకున్నాను. కోట వైపు కిటికీ మూసేశాను.

శుక్రవారం సాయంత్రం తలుపు చప్పుడైంది. గడియ తియ్యకుండానే "ఎవరు?" అన్నాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. ఊహూఁ. తలుపు సందులోంచి చూస్తే మీరు! తలవంచుకుని, బూట్లకేసి చూసుకుంటూ. "కుర్చీల గురించి ఏమన్నా చెప్తారా?" అని పరీక్ష పెట్టాను. పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. ఇంకేం కావాలి, తీసేశాను.

రాత్రంతా మీరు కుర్చీలో అలాగే కూర్చున్నారు. నేనే వాగాను. పోనీలెండి, మాటలన్నీ ఉత్తరంలో ఖర్చు పెట్టేశారు, మళ్లీ కూడబెట్టుకోవాలి కదా! అంత దూరం బస్సులో వచ్చినా చొక్కా కాస్త కూడా నలగలేదు, మీ ఇస్త్రీకి దండం.

ఇప్పుడు మీరు కిందికి వెళ్లి వాకిట్లో నిలబడ్డారు, కోటకేసి చూస్తూ. మీరు ఇక్కడే ఉంటే ఉత్తరమెందుకు అంటారా? ఉత్తరానికి జవాబు ఉత్తరంలోనే ఇవ్వాలి. ఇంటికి చేరాక పోస్ట్‌మాన్ ఇది మీ చేతికిస్తే మీరే నాకు చదివి వినిపించాలి, నోరు విప్పి! పని వదిలేస్తున్నానని పై అధికారికి రాసేశాను. మనం నాలుగు రోజులు దారిలో మా పెద్దక్క ఊళ్లో ఆగి మెల్లగా వెళ్దాం అంటే మీరు తల ఊపారు.

వెళ్లేముందు ఒక్కసారి కోట చూద్దామన్నట్టు చెయ్యి చూపించారు. నేను ససేమిరా అన్నాను. మీ మొహం చిన్నబోయింది. అయినా సరే, ఇల్లే ముద్దు నాకు.

మీ దగ్గరే ఉన్న
గీతలమ్మ

*

ప్రియమైన గీతలమ్మకి,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నేను ఇంట్లోనే ఉన్నాను.

శుక్రవారం బస్సు ఎక్కబోతూ మెట్టు తప్పి పడ్డాను. చీలమండ విరిగింది. ఆస్పత్రిలో కట్టు వేసి నిన్ననే పంపించారు. టెలిగ్రాం ఇమ్మని పక్కబల్ల ఆయన్ని పంపాను. ఇచ్చానన్నాడు. నువ్వు బయల్దేరిపోయాక చేరి ఉంటుంది.

ఈ కాగితం నీకు ఎక్కడికి పంపాలో తెలీదు. మీ అక్కయ్య ఊరికి ఇప్పుడు వేసినా నువ్వు అక్కడ ఉండవు. అయినా రాస్తున్నాను, రాయకపోతే చేతులు నిలవడం లేదు.

పొద్దుట్నుంచీ ఆలోచించి ఒక్కటి తేల్చుకున్నాను. నేను చెప్పకుండా దాచుకున్నవే వాడు ఆ ఆదివారం చెప్పాడు. అవన్నీ నీకు రాసి పంపేశాక వాడి దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అందుకే నోరు మెదపలేదు. మాట్లాడకపోతే నేనేనని నీకు రాసింది నేనే. నా అంతట నేనే వాడికి తలుపు తీయించాను.

నువ్వు కోటలోకి వెళ్లనన్నావు. ఎంత మంచిపని చేశావో నీకు తెలీదు. కానీ నువ్వు వెళ్లకపోతే వాడు నీ వెంట వస్తాడు కదా. వాడికి ఇప్పుడు కొత్త మాటలు కావాలి. అవి ఉండేది ఈ ఇంట్లో, నా దగ్గర.

ఇవాళ మళ్లీ ఊరుకుంటే ఇక నాకంటూ ఏమీ ఉండదు.

కింద రిక్షా ఆగింది. డబ్బులు ఇస్తున్నది నువ్వే, నీ గొంతు వినిపిస్తోంది. మెట్లమీద రెండు జతల అడుగులు. నీ అడుగులు నాకు తెలుసు. రెండోవి కూడా తెలుసు, రోజూ నేను ఈ మెట్లు ఎక్కే తీరే అది. నువ్వు ప్రయాణం సంగతులేవో చెప్తూ నవ్వుతున్నావు. పక్కనున్నవాడు ఏమీ అనడం లేదు.

ఆస్పత్రి వాళ్లిచ్చిన కర్ర చేతికి తీసుకున్నాను. నువ్వు తాళం తిప్పేలోపే, తలుపు ఇవతల నుంచి, నిన్ను పేరు పెట్టి పిలుస్తాను. తర్వాత ఏమొస్తే అది మాట్లాడతాను. తడబడతాను, మధ్యలో ఆగుతాను, మళ్లీ మొదలుపెడతాను. నువ్వు విని గుర్తుపట్టేదాకా ఆపను.

తలుపు ఇవతల ఉన్న
నీ భర్త