పొటాషియం ఎటు పోయింది

నవంబర్ 11, సోమవారం
పొద్దున మెలకువ వచ్చింది. కాళ్లు కదల్లేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. లేవమంటే లేవవు, అంతే. నిన్న వర్నిలో బావమరిది పెళ్లి, బగారన్నం మారు వడ్డించుకుని తిన్నాను. నా భార్య ఆశా ఆటో తెచ్చి బోధన్‌లో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టర్ వచ్చేసరికి నా అంతట నేనే నిలబడ్డాను. రక్తపరీక్ష నార్మల్. టెన్షన్ అన్నాడు.

నవంబర్ 14
నేను జువాలజీ చెప్పే జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ బ్రహ్మానందం స్టాఫ్‌రూంలో అందరి ముందూ, "ఆస్పత్రిల మంచిగనే నడిసిండ్రంట గదా! గిదేం పక్షవాతం సార్, లీవు దొరకంగనే పోతది?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం పళ్లెం గోడకేసి కొట్టాను. ఆశా మెతుకులు ఎత్తింది.

నవంబర్ 19
చేతులు వణుకుతున్నాయి. ఒళ్లు తగ్గి ప్యాంటు నిలవట్లేదు. టెన్షన్ లేదని చెప్పడానికి కూడా అరవాల్సి వస్తోంది.

నవంబర్ 25, సాయంత్రం (నేను చెబుతుంటే ఆశా రాస్తోంది)
పొద్దున మళ్లీ. ఈసారి చేతులు కూడా పోయాయి. వీధిలో ఆర్‌ఎంపీ నీరసమని గ్లూకోజ్ ఎక్కించాడు. ఇంకా వాలిపోయాను, మెడ కూడా నిలవలేదు. కాసేపు చూద్దామన్నాడు. ఆశా సూది పీకించింది. "నడ్వొచ్చినంక పోతే మల్ల నార్మలే అంటరు. గిట్లున్నప్పుడే సూడాలె" అని కారు మాట్లాడి నిజామాబాద్ తెచ్చింది.

రక్తంలో పొటాషియం కనీసం మూడున్నర ఉండాలి. ఒకటి పాయింట్ తొమ్మిది ఉంది. డాక్టరమ్మ నా గొంతు తడిమి చూసి థైరాయిడ్ అంది. అది ఎక్కువై కణాల పొరల్లోని సోడియం పొటాషియం పంపులు విపరీతంగా తోడుతున్నాయట. పెళ్లన్నం, గ్లూకోజ్ ఇన్సులిన్‌ను పెంచి వాటిని ఇంకా ఎగదోశాయట. రక్తంలో ఉండాల్సిన పొటాషియం కణాల్లోకి పోయింది. ఇక కండరం మాట వినదు.

మూడు సోడియం బయటికి, రెండు పొటాషియం లోపలికి, ఏటీపీ ఖర్చు. ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. నా ఒంట్లోనూ అదే ఉందని ఒక్కసారైనా తట్టలేదు! కోపంతో ఏడుపొచ్చింది. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. ఆశా తుడిచింది.

డిసెంబర్ 3
పొటాషియం మందుతో ఆ రాత్రికే లేచాను. థైరాయిడ్ తగ్గించే మాత్రలు మొదలయ్యాయి. బ్రహ్మానందం రిపోర్టు తిరగేసి, "ముందుగల్ల చెప్పొద్దా సార్?" అన్నాడు.
కాళ్లు పడిపోయాయని ముందే చెప్పాను.

డిసెంబర్ 9
క్లాసులో పంపు పాఠం మధ్యలో ఉదయశ్రీ అనే అమ్మాయి అడిగింది. "సార్, గా పంపు ఆగితే సచ్చిపోతం. మరి మస్తు జోరుగ నడిస్తే?"
పుస్తకంలో లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, నాకేమైందో చెప్పాను.
బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.