నాన్నకు ఏం తేవాలంటే

గద్వాల

చిరంజీవి సుష్మితకు అమ్మ ఆశీర్వదించి రాసేది. వనపర్తి హాస్టల్లో నువ్వు బాగున్నావనుకుంటాను. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి గానీ, ఈసారి చేతులు రావడం లేదు.

నాన్నకు విరేచనాలు తగ్గాయా అని అడిగావు. మందులు వాడితే తగ్గుతాయి, ఆపితే మళ్లీ మొదలు. నాకు విసుగెత్తిపోయింది తల్లీ. హైదరాబాద్ డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. కడుపులో కాస్త తేడా చేయగానే మన వీధి డాక్టర్ ఇచ్చే యాంటిబయాటిక్ మాత్రలు మింగీ మింగీ, పేగులో ఉండే మంచి క్రిములను ఈయనే చంపుకున్నాడట. ఇప్పుడు ఒక మొండి క్రిమి అక్కడ తిష్ట వేసింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తీసుకుని, పరీక్షలన్నీ చేసి, శుద్ధి చేసి, అందులోని మంచి క్రిములను ఈయన పేగులోకి పంపిస్తే రోగం తిరగబెట్టకుండా ఉండొచ్చట.

స్నానం చేయనిదే మగ్గం మీద నూలు నడిపే నాడె కూడా ముట్టని మనిషి కదా, వినగానే లేచి బయటికి నడిచాడు. "యాక్! సచ్చినా సరే, నాకొద్దు" అన్నాడు. ఎంత పోట్లాడానో నాకే తెలుసు.

మగ్గం మీద కూర్చుంటున్నాడా అని కూడా అడిగావు. ఎక్కడ కూర్చుంటాడు? గుంటలో కాళ్లు పెట్టీపెట్టగానే కడుపు పట్టుకుని పరుగెత్తుతాడు. నేను నాడె పట్టుకుని ఎదురుచూస్తుంటాను. పట్టు అంచును చీరకు కలపడం ఒక్కరి వల్ల అయ్యే పనా? చీర సగంలో ఆగింది. మనిషీ సగమైపోయాడు.

చివరికి మొన్న దారికొచ్చాడు. "నీదైతే సరే. నువ్వు ఇంట్ల మనిషివి. పిల్లకు మాత్రం తెల్వనియ్యకు" అన్నాడు.

ఇక అసలు మాట రాస్తున్నాను. నేను పనికిరానట. ఈ మధ్య ఏమైనా మందులు వాడావా అని డాక్టరమ్మ అడిగితే ఉన్నదంతా చెప్పేశాను. నేనూ మంచాన పడితే మగ్గం ఆగిపోతుందన్న భయంతో, నాన్న మాత్రలు తెచ్చుకున్నప్పుడల్లా ముందుజాగ్రత్తకని నేనూ మింగాను. ఏ రోగమూ లేకుండానే! ఆమె తల పట్టుకుంది. ఆయన్ని అంత తిట్టినదాన్ని, నేను చేసిందేమిటి? నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది.

ఇక మిగిలింది నువ్వే. ఆ మాట అనగానే నాన్న, "ఆడపిల్లను ఏమని అడుగుతవే? నోరెట్లొస్తది నీకు?" అన్నాడు.

"నోరు రాకుంటే రాస్త" అన్నాను.

నాడెను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ఒప్పుకుంటే రమ్మను. నా ముంగట మాత్రం గా ముచ్చట తియ్యొద్దని రాయి" అన్నాడు. రాశాను.

నీకు ఇష్టం లేకపోతే ఆ సంగతీ రాయి, ఏమీ అనుకోను. ఒప్పుకుంటే మాత్రం, ఈమధ్య అక్కడ జ్వరానికో దగ్గుకో ఏమైనా వాడావేమో దాచకుండా చెప్పు. ఇకపై ఎవరేం ఇచ్చినా డాక్టరమ్మను అడగకుండా మింగకు.

వచ్చేటప్పుడు నాన్నకు ఏం తేవాలని అడిగావు కదా. ఏమీ తేవద్దు తల్లీ. ఒట్టి చేతులతో రా.

ఇట్లు,
కూతుర్ని అడగరాని మాట అడిగిన మీ అమ్మ,
భూలక్ష్మి