మాదాపూర్‌లో ఆడిన జైలు నాటకం

మాదాపూర్,
ఆదివారం

అక్కకు తమ్ముడు సారయ్య దండాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నా గురించి ఫికర్ పెట్టుకోవద్దు. ఒంట్లో బాగానే ఉంది, వేళకు తింటున్నాను.

కంప్యూటర్ ఆఫీసుల కోసం కడుతున్న ఒక బిల్డింగులో వాచ్‌మన్ పని దొరికింది. చుట్టూ బండలు పేలుస్తుంటారు. దుమ్ము అన్నంలో కూడా పడుతుంది. ఎండలు మన దగ్గరి కంటే తక్కువే. మాట్లాడే మనిషి లేక మొదట్లో తోచేది కాదు, ఇప్పుడు ఆ బాధ లేదు.

మిల్లు సమ్మెలో నన్ను జైల్లో పెట్టారు కదా, అక్కడ చూసినదాన్ని నాటకంగా రాశాను. ఒకే బ్యారక్‌లో ఉండే ఇద్దరు మగవాళ్ల కథ. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడు తన కంబళి కప్పుతాడు. ఆలుమగలకు ఉండేలాంటి ప్రేమే వాళ్లకు కుదురుతుంది. ఒకడికి ముందు విడుదలవుతుంది. గేటు తెరిచినా బయటికి అడుగు వేయలేక నిలబడిపోతాడు.

ఇక్కడ పట్నంలో నాటక సమాజం నడిపే మూర్తిగారు చదివి మెచ్చుకున్నారు. ఆయన కాకినాడ వైపు మనిషి, బ్యాంకు ఉద్యోగి. రిహార్సల్స్ మొదలయ్యాక ఒకరోజు పక్కకు పిలిచారు.

"బాగా రాశారండి. కానీ రెండోవాణ్ణి ఆడమనిషిగా మార్చండి. జైలు బదులు ఆస్పత్రి పెట్టుకుందాం. ఇలాగైతే హాలు ఇవ్వరండి."

"మార్చను సార్."

"ఒక్క పాత్రే కదండీ."

"అది మారితే నేను రాసింది ఏం మిగుల్తది సార్?"

ఆయన కోప్పడలేదు. టీ తాగించి, కాగితాలు తిరిగి ఇచ్చారు.

తరువాత మేమే ఆడాము. కూలీలకు సెలవున్న మధ్యాహ్నం, బిల్డింగు సెల్లార్‌లో. అందరూ ఇసుక మీద కూర్చున్నారు. ఒక ఖైదీ నేను, రెండోవాడు నర్సింలు. నర్సింలు నీకు తెలుసు. జైల్లో నా పక్కనే ఉండేవాడు, నువ్వు ములాఖత్‌కు తెచ్చిన సర్వపిండి తిని నీకు దండం పెట్టినవాడు. ఇప్పుడు ఇక్కడే ఆటో నడుపుతున్నాడు.

కొందరు నవ్వారు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. గేటు దగ్గరి ఘట్టం వచ్చేసరికి నవ్వినవాళ్లు కూడా ముందుకు జరిగి కూర్చున్నారు. అయిపోయాక ఇటుకలు మోసే ఎల్లమ్మ అనే పెద్దామె అడిగింది.

"గింతకు ఆళ్లిద్దరు బయటికొచ్చినంక యాడుంటున్నరు?"

నాటకంలో అది లేదు. నాకంటే ముందే నర్సింలు చెప్పాడు.

"మాదాపూర్లనే, పెద్దమ్మా. ఒక్కటే అర్ర. కిరాయి జర ఎక్కువ."

ఆమె ఒకసారి వాడిని, ఒకసారి నన్ను చూసింది.

"నీళ్లొస్తున్నయా మరి?"

"రోజు ఇడిసి రోజు."

"గట్లనే ఉంటది ఈడ," అని కొంగు దులుపుకొని లేచింది.

అక్కా, నర్సింలు చెప్పింది నిజం. మేమిద్దరం ఒకే గదిలో ఉంటున్నాము, స్నేహితుల్లా కాదు. అందుకే నువ్వు చూసిన సంబంధం వద్దని వాళ్లకు చెప్పు, ఇంకొకటి వెతకవద్దు. బావకు చెప్పాలో వద్దో నీ ఇష్టం. కోపమొస్తే ఆ కోపమే రాయి, చదువుకుంటాను.

నర్సింలు ఇప్పుడే ఆటో పెట్టి వచ్చాడు. "అక్కకు నా దండం గూడ రాయి" అంటున్నాడు. రాశాను. చిన్నమ్మకు, మామకు నా మొక్కులు చెప్పు. నీకు మనసైతే, దీవించేటప్పుడు ఇద్దరినీ కలిపి దీవించు.

నీ తమ్ముడు
సారయ్య