ఎడమ వైపు గీతలు

ఈ ఆగస్టు పద్దెనిమిదిన నా గుండెకి ఆపరేషను. అందుకే ఈ వీలునామా ఇప్పుడే రాయాలి. గుండెలో వాల్వు ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదు. మావారు నీళ్ల శాఖలో వాల్వులు తిప్పే ఉద్యోగి. "వాషరు మారిస్తే సరిపోతుందిలే" అని నన్ను నవ్వించబోయి, తనే నవ్వలేక లేచి వెళ్లిపోతారు. డాక్టరుగారు "చాలామంది లేచి నడిచి వెళ్లిపోతారమ్మా" అన్నారు. చాలామంది అన్నారు గాని అందరూ అనలేదు. దస్తావేజుల లేఖరిగారి దగ్గర నాలుగేళ్లుగా ప్రతులు రాస్తున్నదాన్ని, అలాంటి తేడాలు నా కంట పడకుండా పోవు.

నా వయసు ఇరవై ఏడు. నా తెలివి స్థిమితంగా ఉంది. ఎవరి ఒత్తిడీ, ఎవరి ప్రోద్బలమూ లేదు. మావారికి ఈ కాగితం సంగతి తెలియదు, తెలిస్తే రాయనివ్వరు. ఇంతకు ముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. అప్పటికి నా దగ్గర సైకిలు లేదు మరి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత సైకిళ్లకు రంగులు వేసే బాబాయికి అప్పగిస్తున్నాను. వీధిలో ఆయన్ని గీతల మేస్త్రీ అంటారు. స్కేలు లేకుండా, ఊపిరి బిగబట్టి, మడ్‌గార్డు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే గీత లాగుతారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే వాళ్ల మీద పడతారు.

2. ఆడవాళ్ల సైకిలు ఒకటి, పాతది, ప్రస్తుతం మేస్త్రీ షాపులో విప్పి ఉంది. ఇది మా అత్తగారిది. ఆవిడ పురుళ్లు పోసే నర్సు. ఇరవై ఏళ్లు ఈ సైకిలు మీదే ఇల్లిల్లూ తిరిగారు. నేను కాపురానికి వచ్చేసరికే ఆవిడ లేరు. ఆవిడ పోయాక సైకిలు మావారి అక్క, అంటే మా వదిన ఇంటి పెరట్లో, చిరిగిన పరుపు కింద పదకొండేళ్లు పడి ఉంది. మావారు ఒకసారి "ఆ బెల్లు మోగితే అమ్మ మలుపు తిరిగిందని తెలిసేది, పొయ్యి మీద నీళ్లు పెట్టేవాణ్ణి" అన్నారు. ఆ మాట విన్న వారానికే వెళ్లి సైకిలు తెచ్చాను. రోజూ సాయంత్రం మేస్త్రీ షాపులో పని నేర్చుకుంటూ, ఇంట్లో మాత్రం టైపు క్లాసుకి వెళ్తున్నానని చెప్పాను. ఎనిమిది నెలలైనా నాకు టైపు ఎందుకు రాలేదో ఆయన అడగలేదు.

ఈ సైకిలు సర్వహక్కులతో మావారికి చెందుతుంది. షరతు ఒక్కటే: తొక్కాలి. గోడకి తగిలించకూడదు, గుడ్డ కప్పకూడదు, నా గుర్తుగా చూసుకుంటూ కూర్చోకూడదు. డ్యూటీకి దాని మీదే వెళ్లాలి. ఆడవాళ్ల సైకిలని తోటివాళ్లు వెక్కిరిస్తే వెక్కిరించనీ.

3. ఇది నా తప్పు. దాచుకోకుండా రాస్తున్నాను.

సీటు కింద నిలువు గొట్టానికి రెండు వైపులా, మేకుతో గీసినట్టు, సన్నటి గీతలు ఉండేవి. నేను అవి తుప్పు గాట్లనుకున్నాను. ఎడమ వైపు గరుకు కాగితంతో రెండు రోజులు రుద్ది, లోతుగా ఉన్నచోట లప్పం కూరి, అద్దంలా చేశాను. మేస్త్రీ వేలు పెట్టి రాసి చూసి "చేయి తిరిగిందే అమ్మాయ్" అన్నారు. పరీక్ష పాసైనంత సంతోషం వేసింది.

ఆ సాయంత్రమే భోజనాల దగ్గర మావారు మాటల్లో అన్నారు: "అమ్మ ఒక్కో కాన్పుకి సైకిలు మీద ఒక్కో గీత గీసేది. నేను పుట్టిన నెలలోనే కొన్న సైకిలది. అందుకని మొదటి గీత నాదే, ఎడమ వైపు, అన్నిటికన్నా పైన." చేయి కడుక్కుని లేచాను. జ్వరం అని చెప్పి పడుకున్నాను.

కుడి వైపు గీతలు అలాగే ఉన్నాయి. ముందు నిండింది ఎడమ వైపు కాబట్టి, నేను చెరిపినవి మావారి ఈడు వాళ్ల గీతలు. మర్నాటి నుంచి సెలవు రోజులన్నీ ఆ ఈడు వాళ్లని వెతకడానికే పెట్టాను. ఇల్లిల్లూ తిరిగి, ఫలానా నర్సమ్మ చేతుల మీద పుట్టినవాళ్లెవరని అడిగాను. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఆ ఆయాసంతోనే డాక్టరు దగ్గరికి వెళ్లాను. మా వీధి టైలరు "నేనా? మీ అత్తగారు సైకిలు దిగి స్టాండు వేసేలోపే పుట్టేశానట. నాకు సగం గీత చాలు" అన్నాడు. అతనికి పూర్తి గీతే గీయాలి.

నలభై రెండు మంది దొరికారు. నేను చెరిపినవి ఇంకా ఎక్కువే ఉండవచ్చు. వివరాలు పచ్చ అట్ట నోటుబుక్కులో ఉన్నాయి. అది ఈ వీలునామాలో భాగం. ముదురాకుపచ్చ రంగు ఆరాక, ఎడమ వైపు నలభై రెండు గీతలు మీగడ రంగుతో మేస్త్రీ గీయాలి. అన్నిటికన్నా పైన ఒక గీతకి చోటు వదలాలి. అది మావారు స్వయంగా గీసుకోవాలి. వంకర పోయినా ఎవరూ దిద్దకూడదు. ఆయనకి కోపం వస్తే రానివ్వండి, న్యాయమే.

4. బెల్లు మార్చకూడదు. కొత్తది బాగుంటుందని మేస్త్రీ మూడుసార్లు అన్నారు. మూడుసార్లూ నా జవాబు ఇదే.

5. తుప్పు గీకే తీగల బ్రష్షు మా వదినకి. "ఆ ఇనప ముక్క కోసం ఇంత దూరం వచ్చావా? తీసుకుపో, పెరట్లో చోటు కలిసొస్తుంది" అన్న మాట నేను మరిచిపోలేదు. అయితే నేను తోసుకుంటూ గేటు దాటుతుంటే ఆవిడ పరుగున వచ్చి హ్యాండిలు ఒకసారి పట్టుకుని వదిలేసింది. అది కూడా మరిచిపోలేదు. కాబట్టి బ్రష్షుతో పాటు, సైకిలు తయారయ్యాక మొదటి ఆదివారం వెనక సీటు ఆవిడది.

6. నా నిఘంటువు మా చెల్లెలికి. "త" అక్షరంలో లేని పేజీలు చిన్నప్పుడు తను పడవలు చేసినవే. ఆ మాటలకి అర్థాలు తనే వెతుక్కోవాలి.

7. నా జీతంలో మిగిలినదీ, చేతి గడియారమూ మావారివే.

8. మా అమ్మకి ఈ వీలునామాలో ఏమీ రాయలేదు. చదివినవాళ్లు నన్ను తప్పు పట్టకముందే కారణం చెబుతాను. వీలునామాలో ఏదైనా పొందే మనిషి దానికి సాక్షిగా ఉండటం మంచిది కాదని లేఖరిగారు చెప్పారు. అమ్మ ఇన్నేళ్లూ వేలిముద్రే వేసింది. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. నన్ను చేర్చిన రోజున కూడా వేలిముద్ర వేసి, సిరా బడి గోడకే తుడిచింది. నేను మేస్త్రీ దగ్గర గీత లాగడం నేర్చుకుంటున్న నెలల్లోనే అమ్మ నా దగ్గర సంతకం నేర్చుకుంది. ఆ సంతకం మొదటగా నా కాగితం మీదే పడాలి. నేను అమ్మకి ఇస్తున్నది కింద మొదటి సాక్షి గీటు మీది ఖాళీ.

9. నేను లేచి నడిచి వస్తే ఈ కాగితం చింపేస్తాను. అప్పుడు ఆ నలభై రెండు గీతలూ నేనే గీస్తాను. నా ఉద్దేశం అదే.

ఆగస్టు తొమ్మిది.

(రాసిన మనిషి సంతకం)

సాక్షులు:
మొదటి సాక్షి, రాసినామె తల్లి. (సంతకం, వేలిముద్ర కాదు)
రెండో సాక్షి, దస్తావేజుల లేఖరి. (సంతకం)

మేస్త్రీ బాబాయికి: ఈ బాధ్యత మీకు సమ్మతమో కాదో పద్నాలుగో తేదీ సాయంత్రంలోగా చెప్పండి; పదిహేనున నన్ను ఆసుపత్రిలో చేర్చుకుంటారు. ఉత్తరం రాయడం మీకు బద్ధకమని తెలుసు. సమ్మతమైతే ముందు చక్రం మడ్‌గార్డుకి ఆకుపచ్చ వేసి షాపు గుమ్మానికి వేలాడదీయండి. ఆఫీసు నుంచి ఆ దారినే వస్తాను.