బీరువా జరిపేదాకా సంతకం లేదు

ఏమండీ, అన్నం కుక్కర్‌లో ఉంది, కూర వేడి చేసుకుని తినండి. ఆ ఇల్లు అమ్మే పెద్దమనిషి ఫోన్ చేస్తే ఎత్తకండి. ఒకవేళ ఎత్తినా "సరే" అన్న మాట నోట్లోంచి రానివ్వకండి.

కొనేముందు ఇల్లు తనిఖీ చేయిద్దామని నేను మొత్తుకుంటే, మీరు ఒప్పుకుని వచ్చిందేమిటి? ఆయనగారి బావమరిది ఇంజనీరట, ఊరికే చూసిపెడతాడట! గోడకి చెమ్మ ఎక్కిందని అమ్మేవాడి బావమరిది మనకెందుకు చెప్తాడండీ? చూసే మనిషిని కొనేవాళ్లే పెట్టుకోవాలి, అదీ సంతకం పెట్టకముందే. ఇది కూడా నేనే చెప్పాలా?

చివరి గదిలో ఇనప బీరువా "మీకే వదిలేస్తాం" అనగానే తెగ మురిసిపోయారు. ఇల్లంతా వెలిసిపోయిన సున్నం ఉంటే, బీరువా వెనక గోడకొక్కదానికే కొత్త రంగెందుకని అడిగారా? కాస్త జరపమని నేనంటే, "బాగుండదు, ఏమనుకుంటారో" అని నా చెయ్యి గిల్లారు. వాళ్లేమనుకుంటే మనకేం? రేపు ఆ గదిలో పడుకుని దగ్గేది మీ అమ్మగారు!

నేను వేరే ఇంజనీరుని మాట్లాడాను. ఇప్పుడే బయల్దేరుతున్నాం. పైకప్పు, కరెంటు వైర్లు, నీళ్ల పైపులు అన్నీ చూస్తాడు. మీరు మాత్రం రావద్దు. వస్తే మళ్లీ గిల్లుతారు.

అన్నట్టు, అత్తయ్య కోసం ఇల్లంతా వెతక్కండి. నాతోనే వస్తున్నారు. బీరువా జరిపేదాకా ఆ గది గుమ్మంలోంచి లేవరట. "వాడి మొహమాటానికి నేను దగ్గాలా?" అంటున్నారు.