కొట్టంలో నిమ్మకాయలు

ఏప్రిల్ 26
మళ్ళీ కారిపోయింది. పసుపు చాక్లెట్ పుల్ల మీది నుంచి మోచేతి దాకా. మామిడిపండు అవ్వాల్సింది వడదెబ్బ తగిలిన ముఖంలా తయారైంది.

కేక్ పాప్ అంటే — కేక్‌ను పొడి చేసి, క్రీమ్‌తో ముద్ద కలిపి, ఉండలు చుట్టి, పుల్లకు గుచ్చి, రంగు చాక్లెట్‌లో ముంచాలి. చెప్పడానికి ఇంతే. గౌలిపుర ఎండలో, రేకుల వంటింట్లో చేసి చూడమనండి ఆ వీడియోల వాళ్ళను!

ఏప్రిల్ 27
సామానంతా వెనక కొట్టంలోకి మార్చేశాను. రాతి గోడలు, బండల కప్పు. బర్రెలు ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉన్నాయంటే ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. చాక్లెట్ నిలిచింది! తలుపు వేసుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను. ఈ ఇంట్లో నాది అని తలుపు వేసుకోగలిగిన చోటు ఇదొక్కటే.

ఏప్రిల్ 29
అత్తమ్మ వచ్చి గడపలో నిలబడింది. లోపలికి రాదు.
"పుల్లకు గుచ్చిన లడ్డూ. గీ దానికి ఇంత లొల్లా?"
తర్వాత అసలు మాట, మృగశిర కార్తె దాకా గడువు. "మిరుగం దాంక చూస్త. నీ పని కుదిరితె సరే. లేకుంటె బర్రెను తెస్త. కొట్టం బర్రెది."
ఈయనను అడిగితే — "మీరిద్దరు తేల్చుకోండ్రి. నాకు డిపోల డ్యూటీ ఉన్నది." యూనిఫాం వేసుకుని మాయం. ఈ మనిషి డ్యూటీ సరిగ్గా గొడవప్పుడే మొదలవుతుంది.

మే 3
ఫ్రిజ్‌లో నా స్ట్రాబెర్రీల నెత్తిన అత్తమ్మ పెరుగు గురిగి. అన్నీ పుల్లటి వాసన. ఏమీ అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో ఈ పేజీకే తెలియాలి.

మే 6
మలక్‌పేట మేడమ్ ఫోన్! మనవడి మొదటి పుట్టినరోజు. అన్నీ పండ్లే కావాలట — మామిడి, పుచ్చకాయ, స్ట్రాబెర్రీ, నిమ్మ. నచ్చితే వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో పిల్లల వేసవి పార్టీలన్నీ నాకే చెప్పిస్తుందట.
ఇది కుదిరితే కొట్టం నాదే. బర్రె మాట ఇంకెవరూ ఎత్తరు.

మే 9
మామిడిపండ్లు బాగా వచ్చాయి. తొడిమకు లవంగం గుచ్చాను, అచ్చం చెట్టు మీది నుంచి కోసినట్టే. పుచ్చకాయలో గింజలకు నల్ల నువ్వులు. మురిసిపోయాను, అక్కడే తప్పు.

నిమ్మకాయలను సగానికి కోసిన చెక్కల్లా చేద్దామనుకున్నాను. కరెంటు పోయింది. వచ్చాక కంగారులో ఉండలను ఫ్రీజర్‌లో పెట్టి, రాళ్ళలా గట్టిపడ్డాక వేడి చాక్లెట్‌లో ముంచాను. ప్రతి చెక్కా పగిలింది. కప్పడానికి పసుపు రంగు ఇక లేదు. ఇప్పుడు బేగంబజార్ పోయి తెచ్చే టైమ్ లేదు.
డబ్బాలో ఎర్ర చక్కెర పలుకులు మిగిలి ఉన్నాయి. పగుళ్ళ మీద చల్లేశాను. నిజం చెప్పాలంటే, మస్తు అందంగా వచ్చాయి.

అత్తమ్మ గడపలోంచి చూసి అంది — "ఇయ్యాల తెలివి తెచ్చుకున్నవ్."
పెళ్ళయ్యాక ఆమె నోట మొదటి మెచ్చుకోలు! గాల్లో తేలుతున్నాను.

మే 10
రాయాలని లేదు. రాస్తాను.

డబ్బా నేనే తీసుకెళ్ళాను. మేడమ్ ముచ్చటపడి కేక్ చుట్టూ నాలుగు మూలలా నిమ్మచెక్కలు నిలబెట్టింది. అప్పుడు వచ్చింది ఆమె అత్తగారు, పెద్దామె. బల్ల చూసింది. పిల్లవాణ్ణి చటుక్కున లాక్కుని వెనక్కి జరిగింది.
"కోసిన నిమ్మకాయలకు కుంకుమ పెట్టి తెచ్చిండ్రా? పసిపోరగాని పుట్టినరోజుకా? ఎవలు చేయించిండ్రే నీతోని?"

నాలుగు బాటల దగ్గర కనబడితే మనమే పక్కకు తప్పుకుని నడుస్తామే, అదే వస్తువు. పుల్ల మీద. నాలుగు మూలలా. చేసింది నేనే, ఆ పూటంతా చూసుకున్నదీ నేనే, ఒక్కసారి కూడా తట్టలేదు!
"చక్కెర అమ్మా, ఉత్త చక్కెర" అని ఒకటి నాకి చూపించాను.
"నాకుతున్నది సూడుండ్రి!"

ఇక చెప్పేదేముంది. డబ్బాతో సహా బయటికి.

మే 11
"మీరు చూశారు కదా అత్తమ్మా! చెప్పొద్దా?"
"దిష్టి తియ్యనీకె కావాలనే చేసినవనుకున్న. పసిపోరగాడాయె. మంచిదే గదా అనుకున్న."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొట్టం తలుపు వేసుకుని ఏడ్చాను. రెండు నిమ్మచెక్కలు తిన్నాను. రుచికేం తక్కువ లేదు, అదింకా మంట.

మే 13
మేడమ్ మెసేజ్ — మిగతా పార్టీలకు వేరేవాళ్ళను చూసుకున్నారట. అత్తమ్మకు చదివి వినిపించాను. అటక మీది నుంచి పాత పలుపుతాడు తీసి, ఉతికి, నా కళ్ళ ముందే దండెం మీద ఆరేసింది.

మే 16
నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి నా ఫోన్ అత్తమ్మ చేతిలో. మలక్‌పేటకు!
"నా కోడలికి మంత్రాలు గిట్ల వస్తే ముందుగాల నా నోరే మూయించేది గదమ్మా! నా నోరు నడుస్తనే ఉన్నది. విను!"
వినిపించింది. వీధికంతా వినిపించింది. అవతల పెట్టేసేదాకా.

"ఇంకేం పిలుస్తారు వాళ్ళు" అన్నాను తల పట్టుకుని.
"పిలవకుంటె మాయె. నా కోడలిని మంత్రగత్తె అంటరా? నేనంటె వేరే."
కోపం రావాలి నాకు. వచ్చింది. దాని వెనక ఇంకేదో కూడా వచ్చింది… అది ఆమెకు చెప్పను.

మే 22
పక్క గల్లీ నసీమ్ ఆపా ఆర్డర్, మనవరాలి దావత్‌కు. "నింబూ నక్కో బేటా. ఆమ్‌చ్ బనావ్, బస్." నిమ్మకాయలొద్దు, మామిడే చాలట. అంటే నా నిమ్మకాయల కథ అక్కడి దాకా పోయిందన్నమాట.

మే 28
ఎండ. కొట్టంలోనూ ఒక్క మామిడీ పుల్ల మీద నిలబడటం లేదు. నేనూ నిలబడలేకపోతున్నాను.

జూన్ 2
ఆపా ఇంట్లో పిల్లలు లవంగాలు ఏరి పారేసి మామిడిపండ్లు ఊడ్చిపెట్టారు. ఎగురుకుంటూ వచ్చి చెప్తే, అత్తమ్మ — "ఒక్క దావత్‌తోని కుదిరినట్టేనా? బర్రెను మాట్లాడిన. మిరుగానికి వస్తది."
గొంతు లేచింది నాది. ఇంటిల్లిపాదికీ పాలు ప్యాకెట్లలో వస్తుంటే బర్రె ఎందుకు, ఎవరి కోసం అన్నాను. నా పని చెడగొట్టడానికే అన్నాను.

ఆమె గొంతు మాత్రం లేవలేదు. "చేతులకు పని లేక సస్తున్న పిల్లా. నీకు ఎరుకేనా?"
మామయ్య చనిపోయిన నెలలోనే బర్రెలను అమ్మేశారు. ఆ తర్వాత ఈమె పొద్దంతా ఏం చేస్తోందో నేను ఒక్కరోజూ చూడలేదు. గడపలో నిలబడుతోందని విసుక్కోవడమే నాకు తెలుసు. సిగ్గేసింది. అయినా కొట్టం వదులుకోను… వదులుకోలేను.

జూన్ 5
మలక్‌పేట ఫోన్. మేడమ్ కాదు, పెద్దామె! "గా నోరున్న మీ అత్తకియ్యి."
ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో. బర్రె పాలు, మీగడ, ఇప్పటి కోడళ్ళు. బయట నిలబడి గోళ్ళు కొరుక్కున్నాను. చివరికి అత్తమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి — "బళ్ళు తెరిసే ముందుగాల పిల్లల దావత్ ఉన్నదంట. ఎనిమిదో తారీకు చెయ్యాలె, తొమ్మిదో తారీకు పంపాలె. మామిడి, పుచ్చకాయ. నిమ్మకాయలు వద్దంట."

ఎనిమిదే మిరుగం. బర్రె వచ్చేదీ ఆ రోజే. ఎవరికి మొర పెట్టుకోవాలి?

జూన్ 8
వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, ఇల్లంతా తనదే అన్నట్టు. అత్తమ్మ దాని నుదుట బొట్టు పెట్టి వాకిట్లో గుంజకు కట్టేసింది. తర్వాత చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, కొట్టం గడప దాటి లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చుంది. అడగకుండానే ముద్ద అందుకుని ఉండలు చుడుతోంది.

పళ్ళాలన్నీ పరిచి ఉన్నాయి. సగం ముంచినవి, సగం ఆరుతున్నవి. బయట మొగులైంది.
"అత్తమ్మా, వానొస్తే దాన్ని ఎక్కడ కడతారు?"
"వచ్చినంక సూద్దాం. ముందుగాల గా లవంగాలియ్యి."

ఉరిమింది. ఆమె తలెత్తలేదు. గుంజకు కట్టిన తాడు బాగా పొడుగు, కొట్టంలోకి అందేంత… కావాలనే కట్టిందా?
బర్రె గడపలోంచి తల లోపలికి పెట్టి, మామిడిపండ్ల వైపు చూస్తోంది.
మొదటి చినుకులు.