నాలుగు డిస్కులు, ఒకే పెట్టె

ఫొటో స్టూడియో నడిపి మూసేసిన నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా కూతురి పేరా, బావమరిది పేరా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. మతి బాగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. మనసు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

1. ఇల్లూ, అందులోని సామానూ నా కూతురికి చెందాలి. ఉన్నది ఒక్కతే కాబట్టి తగాదా లేదు.

2. మెట్ల కింద అరలో ఉన్న సర్వరు, దాని నాలుగు డిస్కులతో సహా, కూతురికే. అమ్మా, పోయిన మీ అమ్మ మాటలూ నవ్వులూ, నీ మీద వేసిన కేకలూ అన్నీ అందులోనే దాచాను. రేపు నీ పిల్లల వీడియోలూ చేరతాయని లెక్కవేసి చాలా చోటు ఉంచాను. నిండింది పావు వంతే. ఒక డిస్కు పోయినా మిగతా మూడింటి నుంచి అంతా తిరిగి వచ్చేలా అమర్చాను. రెండు పోతే మాత్రం ఏమీ మిగలదు.

3. స్టూడియోలోని నా కుర్చీ బావమరిదికి, కూర్చుని ఆలోచించుకోవడానికి. డిస్కులు ఒక్కొక్కటీ ఒక్కో షాపులో కొంటానంటే, "అన్నీ ఒకే పెట్టెలోవైతే సర్దుకుపోతాయి బావా" అని తెచ్చిచ్చిన మహానుభావుడు. కలిసి పుట్టినవి కలిసే ముసలివయ్యాయి. ఒకటి పోయింది. దాని స్థానంలో కొత్తది పెట్టి, మిగతా మూడింటి నుంచి నింపుతుంటే, ఆ బరువుకు సగంలోనే రెండోది ఆగిపోయింది. రిపేరువాళ్ళు పెదవి విరిచారు. అక్క గొంతు పోయిందని నాకంటే వాడే ఎక్కువ ఏడ్చాడు. అందుచేత కుర్చీతోపాటు దిండు కూడా ఇస్తున్నాను.

4. లేనిదాన్ని ఎలా రాసిస్తారు, డిస్కులు పోకముందు రాసుకున్న రెండో అంశం కొట్టెయ్యండి అన్నాడు వకీలు. నాకు చేతులు రాలేదు. ఉండనివ్వండి.

5. పొల్లుపోకుండా గుర్తున్న ఒక్క మాట కూతురికి రాసిస్తున్నాను. ఆఖరి వీడియోలో మీ అమ్మ అన్నది: "ఇంక ఆపండి బాబూ, పాలు పొంగిపోతున్నాయి." నేను కెమెరా ఆపేసి స్టవ్ కట్టెయ్యడానికి వెళ్ళాను. ఆ గొంతు రాయడం నా వల్ల కాలేదు.

6. ఈ వీలునామాకు రెండు ప్రతులు చేశాను. ఒకటి నీకు, ఒకటి వకీలుకు. రెండూ ఒకే ఇంట్లో పెట్టకమ్మా.

తేదీ: రెండో డిస్కు ఆగిన వారానికి, సోమవారం.

(సంతకం) మీ నాన్న

సాక్షులు: పై వాటా టైలరు, ఎదురు మందుల షాపాయన.